పండు బొమ్మ ఉన్న టీ పొట్లంలో పండెంత?

మార్చి సగం దాటిందంటే చాలు, బి.పి. చూపించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా మా ఒ.పి.లో ముందు అడిగేది ఒకటే: "ఎండకి ఏం తాగమంటారు సిస్టర్‌గారూ?" ఇదివరకు ఈ ప్రశ్నకు జవాబు వాళ్ల దగ్గరే ఉండేది. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, సుగంధి షర్బత్, కొబ్బరి బోండాం. మనం "ఉప్పు కాస్త తగ్గించండి" అంటే సరిపోయేది. ఈమధ్య ప్రశ్నలు మారాయి. "కోడలు హైదరాబాదు నుంచి పీచ్ టీ తెచ్చిందండి, షుగరు ఉన్నవాళ్లు తాగొచ్చా?" అని ఒకరు. "మామిడి టీ అట, పిల్లలు అన్నం మానేసి అదే తాగుతున్నారు" అని ఇంకొకరు. మొన్న ఒక పెద్దాయన సంచిలోంచి అందమైన డబ్బా తీసి బల్లమీద పెట్టారు. అల్లుడు దుబాయి నుంచి పంపిన ఎర్ర పూల టీ. ఆయన అడిగిన మాట విని నాకు ఈ వ్యాసం రాయక తప్పదనిపించింది: "ఇది రోజూ తాగితే బి.పి. మాత్ర మానేయొచ్చటగా?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పండ్ల టీలు విషమూ కాదు, మందూ కాదు. రుచి కోసం, ఇష్టమైతే తాగండి. కాని "ఫ్రూట్ టీ" అనే ఒక్క పేరు కింద అంగడిలో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సరుకులు అమ్ముతున్నారు. వాటి తేడా తెలియకుండా షుగరు రోగి ఒకటి, గర్భిణీ ఒకటి, విరేచనాలు పట్టుకున్న పిల్లవాడు ఒకటి తాగుతున్నారు. నాకు అభ్యంతరం అక్కడ.

మొదటిది నిజమైన టీ. అస్సాం, నీలగిరి కొండల్లో పండే తేయాకు. దానికి ఎండిన నిమ్మ తొక్కో, పండు వాసనో కలుపుతారు. ఇందులో కెఫీన్ ఉంటుంది, టానిన్లు ఉంటాయి. రెండవ దానిలో తేయాకు ఒక్క రేకు కూడా ఉండదు. ఎండబెట్టిన పూలు, ఆపిల్ ముక్కలు, తొక్కలు మాత్రమే. కెఫీన్ లేదు. ఇలాంటివాటిని అసలు "టీ" అని పిలవకూడదనీ, తేయాకు మొక్క నుంచి వచ్చినదానికే ఆ పేరు చెల్లుతుందనీ మన దేశపు ఆహార భద్రతా సంస్థ (ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.) 2025 డిసెంబరులో స్పష్టం చేసింది. అయినా జనం నోట్లో పేరు అంత త్వరగా మారదు కదా. ఇక మూడవది, మన ఇళ్లలోకి ఎక్కువగా వస్తున్నది, చల్లటి నీళ్లలో కలిపేస్తే అయిపోయే ఐస్ టీ పొడి. దీని పొట్లం వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల పట్టికలో ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలని నియమం. చాలావాటిలో మొదటి మాట పంచదార. తర్వాత పులుపు కోసం సిట్రిక్ ఆమ్లం. టీ ఎక్కడో తర్వాత వస్తుంది. పండు అయితే కొన్నిటిలో వాసన రూపంలోనే ఉంటుంది. ముందువైపు మాత్రం కోసిన మామిడిపండు, దానిమీద మంచు బిందువులు!

చదివి చెప్పడం కాదు, రుచి చూసి చెప్పాలని ఒక ఆదివారం మధ్యాహ్నం మా నర్సుల హాస్టలు భోజనశాలలో ఏడు రకాలు పెట్టుకుని కూర్చున్నాం. ఫైనలియర్ అమ్మాయిలు కొందరు, నైట్ డ్యూటీ దిగి నిద్ర పట్టని ఇద్దరు సిస్టర్లు, వంట చూసే పెద్దమ్మ, నేను. పంచదార వేయకుండా ఒకసారి, కొంచెం వేసి ఒకసారి. ఐస్ టీ పొడికి మాత్రం ఆ అవకాశం లేదు, పంచదార దాంతోనే వస్తుంది.

నిమ్మ టీ అందరికీ నచ్చింది. అందులో ఆశ్చర్యం ఏముంది, మనది నిమ్మకాయల సీమ. ఇటు తెనాలి, అటు ఏలూరు నిమ్మ మార్కెట్లు. పీచ్ టీ వాసన బాగుంది కాని, "ఇది ఏ పండు వాసన?" అంటే ఎవరూ చెప్పలేకపోయారు. ఆ పండును మాలో ఒక్కరే, అదీ ఫోటోలో చూశారట. మామిడి టీ విషయంలో నూజివీడు అమ్మాయి ఒకతె ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టేసింది. "ఇది చాక్లెట్టులో మామిడి మేడమ్, చెట్టు మీద మామిడి కాదు" అంది. చిన్న రసాలు జుర్రుకుని పెరిగినవాళ్లను మోసం చేయడం కష్టం. బెర్రీ పండ్ల టీ అని రాసి ఉన్న రెండు డబ్బాలూ ఎర్రగా, అందంగా, పుల్లగా ఉన్నాయి. మంచి పులుపు. నాలుక చివర తగిలి దాహం తీర్చే పులుపు. ఆ పులుపు ఎక్కడో ఎరిగినదేనని నాకు అనిపిస్తూనే ఉంది. వంట పెద్దమ్మ కప్పు మూడోసారి నింపుకుని తేల్చేసింది: "ఇది గోంగూర కాయ కదమ్మా!"

డబ్బా తిప్పి చూస్తే నిజమే. పదార్థాలలో మొదటి పేరు హైబిస్కస్. బెర్రీ పండ్లు ఆ తర్వాత, కొంచెంగా. హైబిస్కస్ అనగానే మనవాళ్లు మందార పువ్వు అనుకుంటారు. కాదు. మందారం, బెండ, గోంగూర అన్నీ ఒకే కుటుంబం. ఈ టీలలో వాడేది హైబిస్కస్ సబ్దారిఫా, అంటే మన పుల్ల గోంగూర. పువ్వు రాలిపోయాక గింజల కాయ చుట్టూ ఎర్రగా, దళసరిగా రేకులు మిగులుతాయి చూడండి, పల్లెల్లో వాటిని ఒలిచి పచ్చడి నూరుతారు. వాటినే ఎండబెట్టి ప్రపంచమంతా తాగుతోంది. ఈజిప్టు, సూడాన్‌లలో దాని పేరు కర్కదే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లలో కొందరు ఈ పేరు విని ఉంటారు. సెనెగల్‌లో బిస్సాప్, మెక్సికోలో హమైకా. జమైకా దీవిలో అయితే సొరెల్ అని పేరు, క్రిస్మస్‌కు అది లేనిదే పండుగ కాదట. మనకేమో ఆకు మీద ఉన్న ప్రేమలో కాయను పశువులకు వదిలేశాం. వదిలేసిందాన్నే డబ్బాలో పెట్టి తెస్తే డబ్బు పోసి కొంటున్నాం.

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకు వస్తాను. బి.పి. తగ్గుతుందన్న మాట గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు 65 మంది మీద చేసిన పరీక్ష 2010లో అచ్చయింది. రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు ఈ ఎర్ర పానీయం తాగినవారికి పై బి.పి. సగటున 7 పాయింట్లు తగ్గింది. అలాంటి రుచే ఉన్న ఉత్తుత్తి పానీయం తాగినవారికి ఒక పాయింటు పైచిలుకు తగ్గింది. మంచి సంగతే. కాని ఇంకొంచెం చదవాలి. వాళ్లందరూ బి.పి. కొద్దిగా ఎక్కువ ఉన్నవారు, మాత్రలు వాడనివారు. మన పెద్దాయన బి.పి. ఆ రోజు 170. ఏడు తీసేస్తే 163. దాన్ని పట్టుకుని మాత్ర మానేస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం ఆయన్ని వదలదు. మాత్ర మానకుండా దాంతో పాటు రోజూ మూడు నాలుగు కప్పులు తాగితే, అదీ చెమటలు కారే మే నెలలో, కొందరికి బి.పి. మరీ పడిపోయి లేవగానే కళ్లు తిరుగుతాయి. ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడే పెద్దవారికి. స్నానాల గదిలో పడి తుంటి ఎముక విరిగి వచ్చినవారిని ప్రతి వేసవిలో చూస్తున్నాం. కాబట్టి రోజుకు ఒక కప్పు రుచికి తాగండి, మాత్ర సంగతి మాత్రం డాక్టరుగారు తేలుస్తారు. గర్భిణీలకు ఈ చిక్కటి కషాయం ఎంతవరకు క్షేమమో గట్టి రుజువులు లేవు గనుక ఆ నెలల్లో వద్దనే చెబుతాను. అన్నంలోకి గోంగూర పచ్చడి వేరే సంగతి, దాన్ని మానమని చెప్పే ధైర్యం ఈ జిల్లాలో ఏ నర్సుకూ లేదు.

ఇక వేడిగా తాగాలా, చల్లగా తాగాలా? టీ చల్లగా తాగడం మన అలవాటు కాదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రదర్శనకు మన దేశపు టీని ప్రచారం చేయడానికి వెళ్లిన రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఆయన, ఎండకు వేడి టీ ఎవరూ ముట్టకపోవడంతో మంచు వేసి పోశాడనీ, అక్కడినుంచి ఐస్ టీ పేరు మోగిందనీ చెబుతారు. నిజానికి అంతకు పాతికేళ్ల ముందే అమెరికా వంట పుస్తకాల్లో చల్లటి టీ ఉంది. ఏదైనా, బెజవాడ మనిషి మాత్రం మే నెల మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో నిలబడి పొగలు కక్కే టీ తాగుతాడు. అడిగితే "ఉష్ణం ఉష్ణేన శీతలం" అంటాడు.

ఈ మాటలో సగం నిజం ఉంది. కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయంలో 2012లో పరీక్షించి చూశారు. వేడి పానీయం తాగితే చెమట ఎక్కువ పడుతుంది. ఆ చెమట పూర్తిగా ఆరితే, తాగిన వేడికన్నా ఎక్కువ వేడి ఒంట్లోంచి బయటికి పోతుంది. చెమట ఆరితేనే, ఆరకపోతే లాభం లేదు. అనంతపురంలో పొడి ఎండ, చెమట పట్టిందే తెలియదు. మన కృష్ణా డెల్టాలో అలా కాదు. ఒకవైపు సముద్రం, కాలువలు, చేపల చెరువులు. గాలి నిండా తేమ. చొక్కా పిండితే నీళ్లు కారతాయి గాని ఒళ్లు చల్లబడదు. అవనిగడ్డ, బందరు వైపు ఇంట్లో కుండలో నీళ్లు ఉక్కపోత రోజున సరిగ్గా చల్లబడవు, గమనించారా? కుండకు చెమట ఆరదు, మనిషికీ ఆరదు. రెంటికీ ఒకటే కారణం. అందుకే ఇక్కడ 40 డిగ్రీలు మరోచోట 43తో సమానంగా బాధిస్తుంది. మన ఊళ్లో మధ్యాహ్నపు వేడి టీ ఒంటిని చల్లబరుస్తుందని నేను చెప్పలేను. ఉదయం, సాయంత్రం తాగండి. మధ్యాహ్నం చల్లగా ఉన్నదేదైనా మంచిది. మంచుముక్కలతో కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

టీ తాగితే ఒంట్లో నీరు పోతుందన్న భయం కొందరికి ఉంది. రోజుకు రెండు మూడు కప్పులకు ఆ భయం అక్కరలేదు. ఆ నీరు కూడా నీరుగానే లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మి.లీ. టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి. కాని అదే సూచనల్లో ఉన్న ఇంకో మాట మన ఆడవాళ్లకు చాలా ముఖ్యం: భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగవద్దు. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. మా ప్రసూతి వార్డులో ఆ లెక్కను రోజూ ముఖాల్లోనే చూస్తాం. ఐరన్ మాత్ర టీతో మింగే తల్లులు ఉన్నారు! మాత్ర నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే మేలు, విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మరి నిమ్మ టీ అయితే రెండూ ఒకేసారి కదా అని ఒక బాలింత తెలివిగా అడిగింది. అలా కుదరదమ్మా, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టవుతుంది. మాత్రకు నిమ్మనీళ్లు, టీకి వేరే వేళ.

పంచదార సంగతి కొంచెం కోపంగానే రాస్తున్నాను. సీసాలో అమ్మే పండ్ల ఐస్ టీ ఒకటి తీసుకోండి. వెనుక 100 మి.లీ.కి 8 గ్రాముల పంచదార అని ఉందనుకుందాం. చిన్న అంకెలాగే కనబడుతుంది. కాని చేతిలో ఉన్నది అరలీటరు సీసా, అంటే 40 గ్రాములు, సుమారు పది చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం పెద్దవారికి రోజు మొత్తానికి ఆరు చెంచాలలోపు ఉంటే ఉత్తమం. పది చెంచాల పంచదార వేసిన కాఫీ ఇస్తే మీరు ఉమ్మేస్తారు. చల్లదనం, పులుపు కలిసి ఆ తీపిని నాలుకకు తెలియకుండా దాచేస్తాయి. "టీ కదా, కూల్‌డ్రింక్ కాదు కదా" అని షుగరు రోగులు ధైర్యంగా తాగుతున్నారు. వేసవి సెలవుల్లో వి.బి.ఎస్.కు వచ్చే పిల్లలకు పది రోజులూ రంగునీళ్ల పొడి కలిపి ఇవ్వడం మనలో చాలాచోట్ల ఆనవాయితీ. ఆ బడ్జెట్‌లోనే పలుచటి మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు వస్తాయి. సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు ఈ సంవత్సరం ఒకసారి ఆలోచించాలని నా మనవి. గుడ్ ఫ్రైడే నాడు ఉపవాసంతో మూడు గంటల ఆరాధనలో కూర్చున్న పెద్దవాళ్లకు, బయటికి రాగానే ఇచ్చే మొదటి గ్లాసు తియ్యటి ఐస్ టీ కాకూడదు.

అన్నిటికన్నా ప్రమాదం, వీటిని ఓ.ఆర్.ఎస్.కు బదులుగా తాగించడం. విరేచనాలతో వచ్చిన పిల్లల తల్లిని "ఏం తాగించారమ్మా?" అంటే పండు బొమ్మ ఉన్న డబ్బా చూపిస్తుంది. అసలు ఓ.ఆర్.ఎస్.లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా పొటాషియం, సిట్రేటు లవణాలు లెక్క ప్రకారం ఉంటాయి. ఆ కొద్దిపాటి గ్లూకోజు ఉప్పును, ఉప్పు నీటిని పేగులోంచి రక్తంలోకి లాక్కెళతాయి. తీపి మూడు నాలుగు రెట్లు దాటితే పని తిరగబడుతుంది. పంచదార నీటిని రక్తంలోంచి పేగులోకి లాగుతుంది, విరేచనం ఇంకా ఎక్కువవుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా సోకిన వేలమందిని డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే బతికించారు. అలాంటి మందు పేరును తియ్యటి పానీయాల డబ్బాల మీద అచ్చు వేసుకుంటుంటే, హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు, హైకోర్టు దాకా వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ఒక తెలుగు గడ్డ మీద డాక్టరమ్మ పట్టుదల వల్ల దేశమంతటా డబ్బాల మీద మాట మారింది. మన బుర్రల్లో మాట ఇంకా మారాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని రాసి ఉన్న పొట్లమే కొనండి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే ఒకేసారి కలపండి, మర్నాటికి మిగిలితే పారబోయండి. పొట్లం దొరకని రాత్రివేళ, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి రెండు మాటలు వేరుగా. తిరువూరు, ఎ.కొండూరు వైపు నుంచి మన దగ్గరికి వచ్చే కుటుంబాలు దీన్ని శ్రద్ధగా చదవాలి. డయాలసిస్‌లో ఉన్నవారికి రోజుకు ఎంత నీరు అన్నది డాక్టరుగారు రాసిచ్చే లెక్క. టీ, మజ్జిగ, రసం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కొబ్బరి నీళ్లు, పండ్ల రసాల్లో పొటాషియం ఎక్కువ, అది గుండెను ఆపగలదు. టీలోను, గోంగూరలోను ఆక్సలేట్ ఉంటుంది. రాళ్ల బాధ ఉన్నవారు అతిగా తాగకూడదు. అమెరికాలో ఒక 56 ఏళ్ల మనిషి రోజుకు 16 గ్లాసుల ఐస్ టీ తాగి కిడ్నీలు పాడుచేసుకుని డయాలసిస్‌కు వచ్చిన సంగతి 2015లో వైద్య పత్రికలో వచ్చింది. పదహారు గ్లాసులు మనవాళ్లెవరూ తాగరు లెండి, అయినా చెప్పాలి కదా.

మంచు గురించి చెబుతానన్నాను. మన డెల్టాలో మంచు ఫ్యాక్టరీలకు కొదవ లేదు, చేపలకూ రొయ్యలకూ మంచు కావాలి. ఆ దిమ్మ గోనెసంచిలో, రిక్షాలో, ఎవరెవరి చేతులో మారి బండి మీద గ్లాసులోకి చేరుతుంది. అది ఏ నీళ్లతో గడ్డకట్టించారో అడిగేవారు లేరు. గడ్డకట్టినంత మాత్రాన కామెర్ల వైరస్సు, టైఫాయిడ్ క్రిమి చావవు. వేసవిలో కామెర్లతో వచ్చే కాలేజీ పిల్లల్ని అడిగితే సగం మంది బండి మీద ఏదో చల్లగా తాగినవారే. చల్లటి నీళ్లలో టీ సంచి వేసి రాత్రంతా నానబెట్టడం ఇప్పుడొక కొత్త పద్ధతి. చేదు తక్కువగా, రుచిగానే ఉంటుంది, కాని ఆ నీళ్లు ముందు మసలకాచి చల్లార్చినవై ఉండాలి, గిన్నె ఫ్రిజ్‌లో ఉండాలి. సీసాలో పోసి ఎండలో పెట్టి టీ కాచేవాళ్లూ ఉన్నారట. అది క్రిములకు వెచ్చటి పడక. వద్దు.

మేము ఆ ఆదివారం తర్వాత హాస్టల్లో చేసుకుంటున్నది ఇది. లీటరు నీళ్లు తెర్లాక ఒక నిమిషం మసలనిచ్చి, పది పన్నెండు ఎండు గోంగూర కాయల రేకులు వేసి అయిదు నిమిషాలు కాచి, మూతపెట్టి దింపేస్తాం. స్టీలు గిన్నె వాడాలి, అల్యూమినియం వద్దు, ఈ పులుపుకు అది కరుగుతుంది. వడకట్టి, చిన్న బెల్లంముక్క, చిటికెడు ఉప్పు. మామూలు వేడికి చల్లారాకే ఫ్రిజ్‌లో పెడతాం. బెర్రీ టీ డబ్బా పక్కన పెట్టి కళ్లు మూసుకుని తాగితే ఏది ఏదో చెప్పలేరు. నిమ్మ టీకి మన డస్టు టీ పొడి పనికిరాదు, చేదెక్కుతుంది. ఆకు టీ ఒక చెంచా, మూడు నిమిషాలు, వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక నిమ్మరసం పిండండి. మామిడి టీ కావాలంటే, కిందటేటి ఉప్పు ఒరుగులు నాలుగు, వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, పలుచటి టీ నీళ్లు కలపండి. పచ్చళ్ల కాలంలో నున్న మార్కెట్టు నుంచి వచ్చిన కాయల్లో మెత్తబడ్డవాటిని ఒరుగులు పెట్టడం మన అత్తగార్లకు తెలియని విద్యేమీ కాదు. షుగరు, బి.పి. ఉన్నవారు ఒరుగులను ఒకసారి కడిగి ఉప్పు పోగొట్టుకుని వాడుకోవచ్చు. అల్సరు, పుల్లతేన్పులు ఉన్నవారు ఈ పుల్లటివన్నీ ఖాళీ కడుపున తాగకూడదు.

ఒక సంగతి మాత్రం ఏ టీతోనూ కుదరదు. 2003 మేలోను, 2015 మేలోను వడగాలులకు మన రాష్ట్రంలో రెండుసార్లూ వెయ్యిమందికి పైగా చనిపోయారు. చాలామంది కూలి పనివాళ్లు, ముసలివాళ్లు. ఆటోనగర్ షెడ్లలోను, ఇటుక బట్టీల దగ్గర, దాళ్వా కోతల్లోను పనిచేసేవారు దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి నీళ్లు, పూటకు రెండుసార్లు ఉప్పు మజ్జిగ తాగాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకగా ఉంటే అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏదీ పోయవద్దు, స్పృహ సరిగా లేనివారికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గట్టిగా విసురుతూ 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా తడపడం ఆపవద్దు.

మా హాస్టల్లో ఎండు గోంగూర కాయలు ఇంకో వారానికి మించి రావు. అవి సంక్రాంతి ముందు రోజుల్లో దొరికేవి, ఇప్పుడు అంగట్లో దొరకవు. ఈ తొలకరికి మీ పెరట్లో ఎర్ర గోంగూర వేసుకునేవారు నాలుగు మొక్కలు ఆకు కోయకుండా వదిలేయండి. చలికాలానికి కాయ పడుతుంది. గింజ తీసేసి రేకులు నీడలో ఆరబెట్టి, గాలి తగలని డబ్బాలో వేసుకోండి. ఎక్కువైతే ఆస్పత్రికి వచ్చినప్పుడు ఒక గుప్పెడు మా క్యాంటీన్ పెద్దమ్మకు ఇవ్వండి, వచ్చే వేసవిలో ఒ.పి. వరుసలో కూర్చున్నవారికి ఆవిడ కాచి పోస్తానంటోంది.